ఊరూరి హాస్యములు, మన వియ్యములు

(మహాసభ రెండవనాటి మధ్యాహ్నము చదువబడిన యుపన్యాసము)



భోజనానంతరమున ఉపన్యసింపవలసిన దౌర్భాగ్యము ప్రతి సభయందును ఎవనికో యొకనికి పట్టక తప్పదు. ఈ యేడు అది మాకు పట్టినది. పులిహోరయు బూరెలును ఆరగించి, బెజవాడ వైశాఖమాసపు వడగాలిలో పందిటి క్రింద కూర్చున్న మీరు కునుకు తీసినను మేము నొచ్చుకొనము. గుఱక మాత్రము కొంచెము తగ్గించి పెట్టుకొనుడని ప్రార్థన. ఏలయన మొదటి వరుసలో పోషకమహాశయులు నిద్రించుచున్నారు. వారికి భంగము కలుగరాదు.

ఆహ్వానసంఘమువారు మమ్ము సంఘాభివృద్ధిని గూర్చి మాటలాడుమని కోరిరి. నిన్నటి ఉదయము మొదలు ఆ విషయమును గూర్చియే అందఱును మాటలాడియున్నారు. కావున ఆ యభివృద్ధిని వారికే విడిచి, మన ఊళ్ళను గూర్చి లోకులు చెప్పుకొను హాస్యములను గూర్చి నాలుగు మాటలు విన్నవింప నెంచితిమి. ఇది పనిలేని ముచ్చట యని తలంపకుడు. ఈ హాస్యముల మూలమున మన యిండ్లలో సంబంధములు తప్పిపోవుచున్నవి. ఎట్లనగా వినుడు.

గత సంవత్సరము వధూవర పరిచయ పత్రములను సరిచూచు పని మాకును మఱి యిరువురకును అప్పగింపబడెను. ఆ పత్రమున తుదిని "ఇతర అభిలాషలు" అను గడి యొకటి కలదు. పిల్ల చదువుకొన్నది కావలెననియో, పిల్లవాడు పొగ త్రాగనివాడు కావలెననియో అందు వ్రాయుదురు. అది సహజము. కాని కొన్ని పత్రములలో "గోదావరివారు వలదు" అనియు, "గుంటూరువారు తప్ప" అనియు వ్రాసియుండెను. ఒక పత్రమున మొదట ఒక పట్టణము పేరు వ్రాసి, దానిపై మూడు అడ్డగీతలు గీసి, క్రింద మఱల అదే పేరు వ్రాసి "వద్దు" అని ముగించిరి. మేము కుతూహలము పట్టలేక, గోదావరివారిని వలదన్న తండ్రిగారిని టెలిఫోనులో పిలిచి, "అయ్యా, గోదావరివారు తమకు చేసిన అపకారమేమి?" అని అడిగితిమి. "అపకారమేమీ లేదండి. నాకు వాళ్ళలో ఎవరూ తెలియదు. వెటకారం ఎక్కువని అందరూ అంటారు గదా. మా పిల్ల మెత్తనిది" అని ఆయన సెలవిచ్చెను. మేము రాజమహేంద్రవరము వారమని ఆయనకు చెప్పలేదు. చెప్పియుండిన ఆయన సిగ్గుపడియుండును. మా వెటకారము మఱియొక సాక్ష్యమై యుండును.

ఎఱుగని జనులను గూర్చి, ఎవరో చెప్పిన మాటను బట్టి, కన్నబిడ్డ బ్రతుకును నిర్ణయించుట జరుగుచున్నది గావున, ఆ మాటలు ఎట్టివో, ఎచ్చటినుండి పుట్టినవో ఒకసారి విప్పి చూతము. గోదావరి మొదలు గుండ్లకమ్మ వఱకు గల సీమకే పరిమితమగుదుము. ఆవలి సీమలవారు తమకు అన్యాయము జరిగినదని తలంపవలదు. వారిని గూర్చియు లోకము చాల చెప్పుచునేయున్నది.

గోదావరి కడనుండి ప్రారంభింతము. మా యిల్లు గావున తప్పు లేదు. గోదావరి జిల్లాలవారికి రెండు కీర్తులు కలవు: ఒకటి మర్యాద, రెండవది వెటకారము. ఈ రెండును ఒకే నోటిలో ఎట్లు ఇముడునని పొరుగువారు ఆశ్చర్యపడుదురు. ఒకటి లేనిదే రెండవది బ్రదుకదని మా యనుభవము. కోనసీమలో ఒకనాటి మిట్టమధ్యాహ్నము పొరుగు జిల్లావాడొకడు మోటారుసైకిలు ఆపి, అరుగుపై కూర్చున్న పెద్దమనిషిని "అమలాపురం ఎంత దూరం?" అని అడిగెనట. "ఇలాగే తిన్నగా వెళ్తే భూగోళం చుట్టి రావాలండి. వెనక్కి తిరిగితే మూడు మైళ్ళేనండి, ఆయ్" అని ఆయన సవినయముగ మనవి చేసెనట. పిమ్మట ఎండనపడి వచ్చినాడని వానిని అరుగుపై కూర్చుండబెట్టి, చెట్టునుండి బొండము దింపించి, చెక్కించి త్రాగించి, పైకము ముట్టక పంపెనట. ఆ బాటసారి తన ఊరు చేరి, ఈ కథలో మొదటి సగమును మాత్రమే చెప్పెను. రెండవ సగము ఏ ఊరి హాస్యమునందును ప్రయాణము చేయదు. ఈ సంగతి మన విషయమునకు ముఖ్యము; జ్ఞాపకముంచుకొనుడు.

ఈ వెటకారము ఎచ్చటిది? మా యూహ యొకటి చెప్పెదము. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. అంతకు పూర్వము ఈ సీమ ఒకయేడు వఱదపాలును ఒకయేడు కఱవుపాలును అగుచుండెడిది. కడుపు కాలినవానికి వెటకారము పుట్టదు. ఆనకట్ట కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక, రైలు రాకముందు బాటలుగను ఉపయోగపడినవి. జనులు రాత్రికి రాత్రి పడవలలో ప్రయాణము చేసెడివారు. సరంగు తొందరపడడు, లాకుల కడ పడవ నిలిచిపోవును, ముక్కుమొగము ఎఱుగని పదిమంది ఒక చాపపై తెల్లవార్లు కూర్చుండవలెను. దిగిపోవుటకు వీలులేదు గావున మర్యాద అవసరము. ప్రొద్దు గడువదు గావున పరిహాసము అవసరము. పదుగురి నడుమ ఒకని నొప్పింపక యెత్తిపొడుచు విద్య అట్టి పడవలలో నేర్వబడినదని మా విశ్వాసము. రుజువు అడిగిన మా యొద్ద లేదు. పడవలును ఇప్పుడు లేవు.

ఈ సీమవారు తమను తాము విడిచిపెట్టలేదనుటకు మాత్రము రుజువు కలదు. మొగల్తూరు వాడైన పార్వతీశము బారిష్టరు చదువునకై సీమకు పోవుట గూర్చి మొక్కపాటి నరసింహశాస్త్రిగారు వ్రాసిన నవల తొలిభాగము 1924లో వెలువడినది. అందలి నవ్వంతయు మన పల్లెటూరి పిల్లవానిపైననే. అయినను దానిని చదివి ఆ ప్రాంతమువారొకరును కోపగించినట్లు మేము వినలేదు. ఇక భీమవరపు ప్రాంతమున సంక్రాంతికి క్రొత్త అల్లునిముందు వందకు పైబడిన వంటకములు పఱచి, ఛాయాచిత్రము తీసి పత్రికలకు పంపుట ఇటీవలి వేడుక. ఆ వంటకములలో అల్లుడు ఎన్ని తినెనో ఏ పత్రికయు వ్రాయదు. అల్లుని అడిగిన, "మొదటి పదింటి తరువాత నేను లెక్కలో లేనండి" అనునట.

మా రాజమహేంద్రవరమును గూర్చి క్లుప్తముగ చెప్పెదము. నన్నయ నాటినుండి మా ఊరిలో ప్రతివాడును కవియే యని ప్రతీతి. వీధిలో "కవిగారూ!" అని కేకవేసిన కిటికీలన్నియు తెఱచుకొనునట. ఇది అతిశయోక్తి, కొన్ని కిటికీలు తెఱచుకొనవు, లోపల పద్యము నడుచుచుండును. వీరేశలింగముగారు 1881లో మా ఊరనే తొలి వితంతు వివాహము జరిపించిరని మేము గర్వించుదుము. ఆనాడు ఆయనపై రాళ్ళు రువ్విన చేతులును మా ఊరివే యని చెప్పుట మఱచుదుము. పండ్రెండేండ్లకు ఒకసారి పుష్కరములు వచ్చినపుడు మాకు బంధువులు హఠాత్తుగ పెరుగుదురు. 2015లో మా యింట స్నానమునకు దిగినవారిలో ఒక కుటుంబము మాకు ఏమగునో నేటికిని తేలలేదు. మేము వారివైపు బంధువులనుకొంటిమి. మా యింటిది మావైపు వారనుకొనెను.

కాకినాడవారిపై చెప్పునది తియ్యని మాట. పింఛనుదారుల స్వర్గమని ఆ ఊరికి పేరు. తిన్నని వీధులు, సముద్రపు గాలి, సాయంకాలపు నడక. కాకినాడవారు తమ గొట్టము కాజావంటివారట: పైకి పొడిగ కనబడుదురు, కొఱికిన లోపలి పాకము చొక్కామీద పడును. ఇట్టి నింద మామీద ఎవరైన వేసిన మేము సంతోషముగ మోయుదుము. ఏలూరును గూర్చి ఇప్పుడు చెప్పము. దానికి కారణము కలదు.

ఇక మనకు ఆతిథ్యమిచ్చుచున్న బెజవాడ. విజయవాడ యని వ్రాయుచున్నాము గాని పెద్దల నోట బెజవాడయే. ఈ ఊరివాడొకడు నరకమునకు పోయి, మొదటి రాత్రియే యమధర్మరాజును దుప్పటి అడిగెనట. ఈ కథ ఎండలు గల ప్రతి ఊరిమీదను చెప్పుదురు. మన సీమలో దీనికి నిజమైన హక్కుదారు పల్నాటి రెంటచింతల. ఎండలెక్కువను చెప్పునపుడు ఏటేట పత్రికలలో దాని పేరు ముందుండును. పాపము, చిన్న ఊరు గావున దాని కీర్తిని బెజవాడ కాజేసినది. నలువైపుల రైళ్ళు కలియు చోటగుటచే బెజవాడవారు తొందరపాటు మనుష్యులనియు, రైలు తప్పునను భయమున మాటలో సగము మ్రింగుదురనియు మఱియొక పరిహాసము. నిన్న స్టేషను కడనుండి మమ్ము తీసికొనివచ్చిన ఆహ్వానసంఘపు చిరంజీవి "రండి కూర్చోండి వచ్చేశాం దిగండి" అని ఒక్క వాక్యమున మా ప్రయాణమంతయు ముగించెను. కావున ఇది బొత్తిగ అసత్యము కాదు.

ఈ ఊరికి డెబ్బది కిలోమీటర్ల లోపున బందరు కలదు. బందరువారి మాట "ఒకప్పుడు" అను పదముతో ఆరంభమగునట. బెజవాడ బస్సుస్టాండులో బస్సుకై కాచియున్న బందరు పెద్ద, "ఒకప్పుడు మా ఊరికి లండను నుంచి ఓడలు వచ్చేవి. ఇప్పుడు బెజవాడ నుంచి బస్సు రావడం లేదు" అనెనట. అందఱును నవ్వుదురు. మేమును నవ్వితిమి. కాని ఆ మాట నిజమేనని తెలిసికొనిన కొలది నవ్వు సన్నగిల్లును. ఆంగ్ల వర్తకులు 1611లోనే బందరున కొట్టు పెట్టిరి. డచ్చివారు వారికి ముందే వచ్చియుండిరి. ఇచ్చటి కలంకారీ వస్త్రములు పారసీక దేశము వఱకు పోయెడివి. పిదప 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము ఊరిమీదికి వచ్చెను. ఆ యుప్పెనలో సుమారు 30 వేలమంది మరణించిరని లెక్క. రేవు మఱల మునుపటివలె కోలుకొనలేదు. అయినను ఆ ఊరివారు ఊరకుండలేదు: 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్యగారి ఆంధ్రా బ్యాంకు, ఇవన్నియు అచ్చట వెలసినవే. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. "ఒకప్పుడు" పట్టికలో మఱియొకటి చేరినది. ఒక్క రాత్రిలో అంతటి జనమును పోగొట్టుకొనిన ఊరు "ఒకప్పుడు" అనక మఱేమనును? మనము దానిని బడాయి యనుచున్నాము.

తెనాలికి ఆంధ్రా ప్యారిస్ అని బిరుదు. మూడు కాలువలు ఊరి నడుమనుండి పోవుచుండుటచే వచ్చినదని కొందఱును, నాటకములవలనను వేషభాషల సొగసువలనను వచ్చినదని కొందఱును చెప్పుదురు. తెనాలివారు పాలవానితో బేరమాడినను ప్రక్కవాటుగ నిలిచి, గొంతు సవరించుకొని మఱి యారంభింతురట. పాలవాడును తక్కువ తినలేదు. అతడు తెరవెనుకనుండి వచ్చినట్లు వచ్చునట.

గుంటూరు కడ కొంత నిలువవలెను. ఏలయన పరిచయ పత్రములలో ఎక్కువ దెబ్బ తిన్నది ఆ ఊరే. గుంటూరువారికి ఘాటు ఎక్కువ, కోపము ఎక్కువ, గొంతు పెద్దది యని లోకప్రసిద్ధి. అన్నదమ్ములిద్దఱు ఆప్యాయముగ క్షేమసమాచారములు చెప్పుకొనుచున్నను పొరుగూరివాడు విని పోలీసులకు కబురుపంపునట. దీనికంతటికిని మిరపకాయ కారణమట! మిరపయార్డు గుంటూరున నుండుట నిజము. ఆసియాఖండమున మిక్కిలి పెద్ద వానిలో నది యొకటి. కాని, మహాశయులారా, మిరపకాయ మన దేశపుది కాదు. అమెరికాఖండమున పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో 16వ శతాబ్దిలో ఇటు వచ్చినది. పల్నాటి యుద్ధమో, 12వ శతాబ్ది నాటిది. కావున పల్నాటి వీరులు మిరపకాయ రుచి యెఱుగకయే, మిరియములతో సరిపెట్టుకొని, అంత యుద్ధము చేసిరన్నమాట. కోపమునకు మిరపను నిందించుట న్యాయము కాదు.

మొండితనమనుట యొకటి కలదు. అది యుండినచో మేలుకే యుండినది. చీరాల, పేరాల గ్రామములను పురపాలకసంఘముగ చేసి పన్ను పెంచినపుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఆ జనము ఇండ్లు వాకిళ్ళు విడిచి, ఊరి వెలుపల రామనగరమని పాకలు వేసికొని, సుమారు 11 నెలలు ఎండకును వానకును ఓర్చి కూర్చుండిరి. అట్టి యింటి పిల్ల మన యింటికి వచ్చిన, అత్తగారికి కొంత ఇబ్బంది కలుగవచ్చును. కాని ఆ యింటికి కష్టము వచ్చినపుడు తట్టుకొని నిలుచునది ఆ పిల్లయే.

ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న. ఆ చీరాల అప్పుడు గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినపుడు అందులోనికి పోయెను. దానికే 1972లో ప్రకాశము జిల్లా యని పేరు వచ్చెను. 2022లో చీరాల బాపట్ల జిల్లాలో చేరెను. గుంటూరు కోపము నెత్తుటిలోనిదే యైనచో, 1970లో గెజెట్టు వెలువడిన మఱునాటి ఉదయము చీరాలవారు చల్లబడిరా? ఒంగోలు మొదట నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లా యేర్పడినపుడు అందు చేరెను. భీమవరము, తణుకు, నరసాపురము తాలూకాలు ఆ 1904లోనే గోదావరి జిల్లానుండి కృష్ణా జిల్లాకు మార్చబడి, 1925లో పశ్చిమగోదావరి యేర్పడువఱకు 21 సంవత్సరములు కాగితముమీద కృష్ణా జిల్లావారుగ నుండిరి. ఆ 21 ఏండ్లును భీమవరమువారు వెటకారము మానిరని ఎవరును చెప్పగా వినలేదు. మనుష్యులమాట యటుండ, పశువులకును ఈ బాధ తప్పలేదు. మన ఒంగోలు గిత్త బ్రెజిలు దేశమునకు పోయి కోట్లకొలది సంతతిని పెంచినది. అచ్చట దానిని "నెలోర్" అందురు, అనగా నెల్లూరు. పాత జిల్లా పేరు ఎద్దు వీపున సముద్రము దాటినది.

మఱియొక విడ్డూరము చెప్పెదము. మన పిల్లలలో అనేకులు ఈ ఊళ్ళయందు పుట్టనేలేదు. 2014లో రాష్ట్రము రెండయినను హైదరాబాదున నిలిచిన కుటుంబములు నిలిచియే యున్నవి. బెంగుళూరునను అమెరికానను పుట్టి పెరిగినవారు పెక్కురు. కూకటుపల్లిలో పుట్టి, అచ్చటనే చదివి, గుంటూరున పట్టుమని పది రాత్రులైన నిదురింపని పిల్ల మన పత్రమున "స్వగ్రామము: గుంటూరు" అని వ్రాయగానే ఘాటైన పిల్ల యగుచున్నది. ఆ పిల్ల ఆవకాయ తిన్న నీళ్ళు త్రాగునని ఆమె తల్లి మాతో మొఱపెట్టుకొనినది.

అట్లయిన ఈ హాస్యములన్నియు మానవలెనందురా? మేమట్లనము. మానిన మన పెండ్లి పందిళ్ళు మూగవోవును. మన పెద్దలు హాస్యమునకు చోటొకటి యేర్పఱచిరి. వియ్యపురాలిమీద పాటలు పాడునది ఎప్పుడు? మాట పుచ్చుకొనిన తరువాత, రెండు వైపులవారును బంతిలో ఎదురెదురుగ కూర్చుండినపుడు. ఈ వైపునుండి ఒక పాట పోయిన, ఆ వైపునుండి రెండు పాటలు వచ్చును. మా చిన్నతనమున ఒక పెండ్లిలో మా మేనత్త మగపెండ్లివారి ఊరినిగూర్చి పాడగా, అవతల ఒక ముసలమ్మ తాంబూలము ప్రక్కకు త్రోసి, అప్పటికప్పుడు మా మేనత్త నోటిపైననే ఒక పాట కట్టినది. మేనత్త మఱి పదేండ్లు దానినే పాడుకొని నవ్వినది. అనుట, పడుట, బదులు చెప్పుట, ఈ మూడును ఒకే పందిటిలో జరుగును. పరిచయ పత్రములోని గడియందో, అనుట మాత్రమే కలదు. పడినవానికి తాను పడినట్లయినను తెలియదు. వాని కిక బదులు చెప్పు అవకాశమెక్కడ? ఎన్నడును చూడని యింటిలో తన బిడ్డపేరు కొట్టివేయబడినదని ఆ తండ్రికి ఎవరు చెప్పుదురు?

ఇట్లు పెద్దఱికముగ మాటలాడుచున్న మేము నిర్దోషులము కాము. ఇప్పుడు ఏలూరును గూర్చి చెప్పెదము.

ఏలూరు అనగానే దోమలు. కృష్ణ కాలువయు గోదావరి కాలువయు కలియు ఊరు అది, తమ్మిలేరు ప్రక్కనే పాఱును, కొల్లేరు దగ్గఱ, నేల పల్లము. ఆనకట్టలు మనకు పెట్టిన అన్నమునకు ఆ ఊరు చెల్లించిన సుంకము దోమ. పదునొకండు సంవత్సరముల క్రిందట మా రెండవ కుమారునకు ఏలూరి పిల్లను నిశ్చయించుకొంటిమి. నిశ్చితార్థమునాడు వారింట భోజనముల కడ మేము మిక్కిలి యుత్సాహముగ నుంటిమి. మా ఊరి పేరు నిలుపవలెనను దురద యొకటి. "ఏలూరులో రాత్రి పడుకుంటే, తెల్లారేసరికి దోమలు మంచంతో సహా కొల్లేట్లో దింపుతాయట గదా బావగారూ!" అంటిమి. బంతియంతయు ఘొల్లుమనెను. పిల్ల తండ్రియు నవ్వెను. మేము మఱి రెండు విసరితిమి. దోమ కాలు పట్టుకొనిన విడువదనియు, ఆ ఊరివారి కాలు చూచి దోమ వయస్సు చెప్పవచ్చుననియు ఏదో అంటిమి. సరిగ ఏమంటిమో ఇప్పుడు నోటికి తెచ్చుకొనలేము.

పిల్ల పెదతండ్రిగారు మాకు ఎదుట, కొంచెము ఎడముగ కుర్చీలో కూర్చుండియుండిరి. క్రింద కూర్చుండలేదేమని అంతకుముందే మేము అనుకొనియుంటిమి. ఆయన మెల్లగ పంచె అంచు క్రిందికి లాగుకొని, పాదము కప్పుకొనిరి. అది మేము చూడలేదు. మా యింటిది చూచినది. తిరుగుప్రయాణమున కొవ్వూరు దాటి గోదావరి వంతెన యెక్కువఱకు ఆమె మాటలాడలేదు. వంతెన నడుమ, "ఆయనకు బోదకాలండీ" అనినది.

బోదకాలు దోమవలన వచ్చునని మీరందఱును ఎఱుగుదురు. గోదావరి కాలువల వెంబడి ఊళ్ళలో ఈ వ్యాధి తరతరములుగ నుండినది. మాత్రలు పంచుటయు అందుకే. వచ్చినవాడు చావడు. చెప్పులు పట్టవు, జ్వరము మాటిమాటికి వచ్చును, నలుగురిలో కూర్చుండి కాలు దాచుకొనును. ఆయనకు పదునాఱవ యేట వచ్చినదట. ఆ కారణముననే ఆయన పెండ్లి చేసికొనలేదు. తమ్ముని పిల్లలను తానే చదివించిరి. మా కోడలి చదువు ఆయన సంపాదనయే. సంబంధము తప్పలేదు; వారు అట్టి మనుష్యులు కారు. కాని పెండ్లికి ఆయన రాలేదు. ఒంట్లో బాగుండలేదని కబురంపిరి. మేము అర్థము చేసికొంటిమి. క్షమింపుమని పోయి అడుగుటకు మాకు ధైర్యము చాలలేదు. నోరుగలవాడనని పేరుపొందినవానికి అట్టి సమయమున నోరు రాకపోవుట చిత్రము.

కావున ఈ సభవారికి మా మనవి ఇది. పరిచయ పత్రమునుండి ఆ గడి తీసివేయుడని మేము కోరము. తండ్రులకు అడుగవలసినవి యెన్నియో యుండును. అందు ఊరిపేరును జిల్లాపేరును పెట్టి వలదనుట మాత్రము అంగీకరింపరాదు. అట్లు వ్రాసినచో పత్రమును సరిచూచువారు త్రిప్పి పంపవలెను. వలదన్న ఊరికి ఒకసారి పోయి, ఒకపూట భోజనము చేసి వచ్చి అప్పుడు వ్రాయుమనవలెను. ఇక హాస్యములకు వేఱుగ చోటు కల్పింతము. వచ్చు సంవత్సరపు సంచికలో "మా ఊరి మాట" అని కొన్ని పుటలు కేటాయింపుమని సంపాదకులవారిని కోరుచున్నాము. నిబంధన యొక్కటే: ఏ ఊరి హాస్యమును ఆ ఊరివారే వ్రాయవలెను. పోషకమహాశయులలో నొకరు ఆ పుటల వ్యయము తాము భరింతుమని ఉదయము మాతో అనిరి. వారు ఇప్పుడు నిద్రించుచున్నారు. లేచిన పిమ్మట జ్ఞాపకము చేయుదుము.

ఏలూరు కథ కొంచెము మిగిలినది. గడచిన దసరాకు మనుమరాలిని చూచు నెపమున మేము ఏలూరు పోయితిమి. పెదతండ్రిగారికి ఇప్పుడు డెబ్బదియాఱేండ్లు. మమ్ము గుమ్మములోనే చూచి, "రండి బావగారూ" అని ఎప్పటివలెనే పలుకరించిరి. రాత్రి భోజనమైన పిమ్మట మాకు మంచము తామే వేయించి, దోమతెర తామే కట్టించి, దాని అంచులు పఱుపు క్రింద దోపుచు నిలిచిరి. మేము తెర లోపల, ఆయన వెలుపల. చీకటిలో మొగము కనబడకపోవుటచే మాకు కొంత ధైర్యము కలిగి, "బావగారూ, ఆనాడు నేను..." అని యారంభించితిమి. ఆయన పూర్తిచేయనీయలేదు.

"మా దోమ నయమండి బావగారూ. రాత్రిపూటే పాడుతుంది, గుడ్డ అడ్డం పెడితే ఊరుకుంటుంది. మీ రాజమండ్రి కవి పగలు కూడా పాడతాడు, ఆయనకు తెరలెక్కడా దొరకవు" అని, దీపము తీసికొని వెడలిపోయిరి.

ప్రక్కగదిలో మా కోడలు నవ్వు ఆపుకొనుట వినబడినది. ఆ బదులును ఆయన పదునొకండు సంవత్సరములు దాచియుంచిరి.